గోరింటాకు పండకపోతే నన్నడగండి

ఆషాఢం వచ్చిందంటే మా వీధిలో ఆడవాళ్ళు గోరింటాకు కోసం వెతుక్కుంటారు. నేను సలహా అడిగేవాళ్ళ కోసం వెతుక్కుంటాను. వాళ్ళకి ఆకైనా దొరుకుతుంది గాని నాకు అడిగేవాళ్ళు దొరకరు. అందుకని అడక్కుండానే చెప్పడం అలవాటు చేసుకున్నాను. 30 ఏళ్ళుగా మా ఇంటి ఆడవాళ్ళ చేతుల మీదా, ఈమధ్య మా మనవడి చేతి మీదా చేసిన ప్రయోగాల సారం ఇది. మా ఆవిడ, కోడలు, మేనకోడలు ఈ శాస్త్రం కోసం చేసిన త్యాగాలు తక్కువవి కావు. పేర్లు వేస్తే ఊరుకోమన్నారు కాబట్టి వెయ్యడం లేదు.

మా అమ్మకి 84 ఏళ్ళు. ఆవిడ పెడితే ఏ చెయ్యయినా పండుతుంది, కాదనను. కాని దానికి ఒక రాత్రి పడుతుంది. అది చాలక పైన ఇంకో రెండు రోజులు ఆగమంటుంది. బిర్యానీ అరగంటలో గుమ్మంలోకి వచ్చే రోజుల్లో అరచేతికి ఎరుపు రావడానికి మూడు రోజులేమిటండీ? నా పద్ధతిలో పది నిమిషాలు.

ముందు చెట్టు సంగతి. పేరులో గోరింట అని ఉంటే చాలు, ఏ చెట్టయినా ఒకటే. మా ప్రహరీ అవతల పసుప్పచ్చ పూల ముళ్ళగోరింట పొద ఒకటుంది. ఓ ఆషాఢంలో మా ఆవిడ గోరింటాకు కావాలంటే అసలు చెట్టున్న వీధి చివరిదాకా ఎవరు వెళ్తారని దాన్నే దూసుకొచ్చాను. మిక్సీలో మెత్తగా రుబ్బిచ్చాను. ఆవిడ రెండు చేతులకీ పెట్టుకుని సాయంత్రందాకా కూర్చుంది. కడిగాక చేతులకి గడ్డివాసన తప్ప ఏమీ మిగల్లేదు. అమ్మ ఆ ముద్ద వాసన చూసి, "ఒరే, దాని పూలు తలలో పెట్టుకుంటారు గాని ఆకు చేతికి పెట్టుకోర్రా" అంది. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ రాత్రి వంట కూడా చెయ్యలేదు.

అసలు గోరింటాకులో ఉండే రంగుని లాసోన్ అంటారట. లాసన్ అనే ఆయన పేరు మీద చెట్టుకి లాసోనియా అని శాస్త్రనామం పెట్టారు, చెట్టు పేరు రంగుకొచ్చింది. మన బామ్మలు తరతరాలుగా రుబ్బిన ఆకుకి ఎవరి పేరు ఖాయమైందో చూశారా! ఈ లాసోన్ చర్మం పైపొరలో ఉండే కెరటిన్ అనే మాంసకృత్తుని పట్టుకుని కూర్చుంటుంది. గోళ్ళలోనూ జుట్టులోనూ ఉండేది ఆ కెరటినే. అందుకే గోరింటాకు ఈ మూడింటికీ అంటుతుంది. అరచేతిలోనూ అరికాల్లోనూ ఆ పొర మందం కనుక రంగు బాగా దిగుతుంది. ముంజేతి మీద పలచన కనుక వెలవెలబోతుంది. ఇదంతా చదివి నేను తేల్చిందేమిటంటే, మందంగా ఉన్నచోట ఎలాగూ పండుతుంది, అక్కడ పెట్టడంలో గొప్పేముంది? భుజం మీద, మెడ మీద, చెంప మీద పెట్టుకోండి. పండకపోతే ఆకుదే తప్పని చెప్పొచ్చు.

ఇక నూరడం. అమ్మ రోట్లో లేత ఆకు వేసి, ఇంత చింతపండు, ఓ వక్క, కాస్త కాచు వేసి నూరుతుంది. నూరుతున్నప్పుడే ఆవిడ వేళ్ళు ఎర్రబడిపోతాయి. పులుపు తగిలితే ఆకులోంచి రంగు బయటికొస్తుందని ఆవిడ నమ్మకం, రసాయనశాస్త్రం కూడా దురదృష్టవశాత్తూ ఆవిడ పక్షమే. నేను మాత్రం పులుపు బదులు వంటసోడా వేస్తాను, ఇడ్లీ పొంగినట్టు రంగు పొంగుతుందేమోనని. అందులోనే కాఫీపొడి, బీట్రూటు, కుంకుమ, ఓసారి మనవడి వాటర్ కలర్ డబ్బాలోంచి ఎరుపు బిళ్ళ కూడా. వంటగదిలో ఎర్రగా కనిపించిందల్లా వెయ్యండి. కారం మాత్రం వద్దు. ఎందుకు వద్దో మా కోడలు చెబుతుంది.

ఎండుపొడి కొనేవాళ్ళకి చిన్న చిట్కా. ఆకుపచ్చగా, పచ్చిగడ్డి వాసనతో ఉన్న పొడి కొనకండి. ఇంకా ముదరలేదన్నమాట. బాగా మట్టిరంగుకి తిరిగి, ఏ వాసనా లేకుండా నిమ్మళంగా ఉన్నది చూసుకోండి. రాజస్థాన్‌లో సోజత్ అని గోరింటాకు పొడికి పేరుమోసిన ఊరుంది. ఆ సరుకుకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా దుకాణంవాడి దగ్గర సోజత్ పొడి కొత్తది, పాతది రెండూ ఉంటే పాతదే తెచ్చాను, అనుభవం ఎక్కువ కదా అని. దాన్ని కలిపి ఆషాఢంలో సగం వాడి, మిగిలిన సగం అట్లతద్దికి ఉంచాను. మూడు నెలలకి డబ్బా మూత తీస్తే అందులో బూజు ముత్యాలముగ్గు వేసుకుని ఉంది. కలిపిన ముద్దలో రంగు ఒకటి రెండు రోజులకి మించి బలంగా ఉండదని, దాచాలంటే గడ్డకట్టించి దాచాలని తర్వాత తెలిసింది. నేను ఫ్రిజ్‌లోనే పెట్టానని మా ఆవిడ అనుకుంది. నేను పెట్టింది ఫ్రిజ్ మీద.

పెట్టుకునే ముందు చేతులకి కొబ్బరినూనె దట్టంగా రాయండి. అమ్మ దీన్ని తిరగేసి చెబుతుంది. ముందు సబ్బుతో కడుక్కుని జిడ్డు లేకుండా తుడుచుకోవాలట, నూనె మాత్రం ముద్ద తీసేశాక రాయాలట. నూనె ఏదైతేనేం, ఎప్పుడైతేనేం? మొదటే రాస్తే ముద్ద జారిపోయి తీసేసే శ్రమ కూడా తప్పుతుంది.

ఆ తర్వాత అసలు పరీక్ష, ఆరబెట్టడం. ఫ్యాను అయిదులో పెట్టి దాని కిందే కూర్చోండి. అయిదు నిమిషాల్లో ముద్ద ఎండి, పెళుసెక్కి, చెల్లాచెదురుగా రాలి సోఫా నిండా పడుతుంది. రాలిందంటే పని అయిపోయినట్టే. ఎండిన ముద్దలోంచి రంగు దిగదని, తడిగా ఉన్నంతసేపే చర్మంలోకి ఇంకుతుందని అమ్మ గొడవ. ఆవిడ నిమ్మరసంలో పంచదార కలిపి దూదితో అద్దుతూ కూర్చుంటుంది. అలా పొద్దుపోయేదాకా అద్ది, గుడ్డలు చుట్టి పడుకోబెడుతుంది. చిన్నప్పుడు మా చెల్లెళ్ళకి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. చేతులు ఖాళీ లేవు గనక వాళ్ళకి ఆ పూట రాజభోగమే. ముక్కు దురదపెడితే గోకేది నేను. నాకు ఈ శాస్త్రంలో ప్రవేశం అలా కలిగింది.

నిమ్మరసం పంచదార చిట్కాని నేను ఒక్కసారి పాటించాను. పంచదార పాలు కొంచెం ఎక్కువైంది. రాత్రి రెండింటికి చీమలు వచ్చాయి. ఆ విషయం మీద మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకోం.

పది నిమిషాలయ్యాక సబ్బు పెట్టి రుద్ది కడగండి. చెయ్యి నారింజరంగులో కనిపిస్తుంది. వెంటనే "పండలేదు" అని ప్రకటించండి. ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే లాసోన్ గాలి తగిలి మెల్లగా ముదురుతుంది. తీసిన రోజు నారింజ, మర్నాటికి ఎరుపు, 48 గంటలకి వక్కపొడి రంగు. ఆ రెండు రోజులూ నీళ్ళు, సబ్బు తగలనివ్వకపోతే అదే ముదిరి మీ మాట అబద్ధమవుతుంది. అందుకని ఆ అవకాశం ఇవ్వకుండా గిన్నెలు తోమించండి, బట్టలు ఉతికించండి, వీలైతే బ్లీచింగ్ పౌడరుతో బాత్రూం కడిగించండి.

మేనకోడలి పెళ్ళికి నేను చేసింది ఇదే. తెల్లవారుజామున నాలుగున్నరకి ముహూర్తం. పెళ్ళికి రెండు రోజుల ముందే పెడదామన్నారు ఆడవాళ్ళు. అప్పుడే పెడితే పెళ్ళినాటికి పాతబడిపోదా అని నేను అడ్డం పడ్డాను. చెల్లెలు నా మీద గౌరవంతో, బావగారు ఏమీ తెలియక, సరే అన్నారు. రాత్రి పదకొండింటికి పెట్టించి, ఒంటిగంటకి కడిగించి, మంగళస్నానానికి పంపాను. జీలకర్రా బెల్లం ఫోటోల్లో పెళ్ళికూతురి చెయ్యి బత్తాయితొన రంగులో ఉంటుంది, ఇప్పటికీ చూడొచ్చు. అత్తారింట్లో మూడో రోజు పొద్దున చూసుకుంటే నల్లగులాబీలా పండి ఉందట. ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడంటారు కదా, ఇక్కడ మొగుడొచ్చాక పండింది. అల్లుడు మంచివాడే, ఆ ఘనత కూడా నాదేనంటే ఎవరూ ఒప్పుకోవడం లేదు.

పాదాల పారాణి విషయంలో మాత్రం నాకు అమ్మతో పేచీ లేదు. పసుపులో సున్నం పడగానే ఎర్రబడుతుంది, క్షణం ఆగనక్కర్లేదు. రెండు రోజుల్లో వెలిసిపోతుందన్నది వేరే విషయం.

ఇన్ని తిప్పలూ ఎందుకు, కోన్ కొనుక్కోండి అని నా మాట. కోన్ కొనేటప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చండి. పెట్రోలు బంకులో నిలబడ్డట్టు గుప్పుమంటే అదే మేలైన సరుకు. యూకలిప్టస్ నూనో లవంగనూనో వేస్తే వచ్చే వాసన వేరు, అది పాతకాలం పద్ధతి. లోపల ఏమేమి ఉన్నాయో, ఎప్పుడు తయారైందో రాసిలేని కోన్‌నే ఎంచుకోండి, చదివే శ్రమ ఉండదు. "నూరు శాతం సహజం" అన్న మాట మాత్రం పెద్దక్షరాల్లో ఉండాలి. ఇంట్లో ఆకుముద్ద రెండు మూడు రోజులకే పాడవుతుందని మనకి తెలుసు. బయట ఎండలో వేలాడే కోన్ ఏడాదైనా చెక్కుచెదరదు. ఏది ఎక్కువ సహజమో మీరే చెప్పండి.

ఇప్పుడు నల్లదాని సంగతి. దీనికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను, ఎందుకంటే నా జీవితంలో అరగంటలోపు పండిన గోరింటాకు ఇదొక్కటే.

రెండేళ్ళ కిందట వేసవి ఎగ్జిబిషన్‌లో, జెయింట్ వీల్ పక్కన, ఒక కుర్రాడు టేబులు వేసుకుని కూర్చున్నాడు. పులి, డేగ, తేలు, త్రిశూలం, ఏది కావాలంటే అది. నల్లగా, కాటుకలా, అచ్చం అసలు పచ్చబొట్టులా. మనవడు తేలు కావాలన్నాడు. వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. "ఏం కలుపుతారు బాబూ?" అని మా కోడలు అడిగింది. "గోరింటాకేనండీ, నల్ల గోరింటాకు. అరగంట, పదిహేను రోజులు గ్యారంటీ" అన్నాడు. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదే. అలాంటి ప్రశ్నలు అడక్కూడదని కోడల్ని నేను మందలించాను. లోకంలో ఏ గోరింట చెట్టూ నల్లరంగు ఇవ్వదని, నారింజ నుంచి ముదురు గోధుమరంగు దాకానే దాని పరిధి అని నాకు తెలుసు. తెలిసి కూడా అడగలేదు. తొందరగా అయిపోతే చాలు, ఎనిమిదింటికి మ్యాచ్ ఉంది.

ఆ ఏడాది తేలు దివ్యంగా ఉంది. ఏమీ కాలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, నా సలహా అంతా దీని మీదే నిలబడి ఉంది. మొదటిసారి ఏమీ కాకపోతే ఇక ఎప్పటికీ ఏమీ కాదు. కిందటి వేసవిలో మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ తేలే, అదే చెయ్యి. రెండో రోజు దురద. నాలుగో రోజుకి తేలు లేచింది. లేచిందంటే నిజంగానే లేచింది, కొండీతో సహా. గీత ఉన్నంతమేరా నీటిబొబ్బలు కట్టి, చర్మం మీద ఉబ్బెత్తు బొమ్మలా నిలబడింది. ఇంత శ్రద్ధగా వేసిన తేలుని నేను చూడలేదు.

వేడి చేసిందన్నాను. మజ్జిగ ఇమ్మన్నాను. పసుపు రాద్దామన్నాను. మా అబ్బాయి నన్ను పక్కకి తప్పుకోమని వాణ్ణి చర్మవ్యాధుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. ఆవిడ చెయ్యి చూడగానే, "నల్ల గోరింటాకా?" అన్నారు. అంత వెంటనే ఎలా కనిపెట్టారంటే, వేసవి సెలవుల్లో ఇలాంటి పులులూ డేగలూ వస్తూనే ఉంటాయన్నారు.

అందులో ఉన్నది పారాఫెనిలీన్‌డయమిన్ అట, పీపీడీ అంటారు. జుట్టుకి వేసుకునే నల్లరంగులో ఉండేదే. యూరప్‌లో జుట్టురంగుల్లోనే అది 2 శాతం దాటకూడదని నియమం, చర్మం మీద వాడకం అసలు నిషేధం. అమెరికాలోనైతే మామూలు గోరింటాకుని కూడా జుట్టురంగుగానే ఒప్పుకున్నారు గాని చర్మానికి పెట్టడానికి అనుమతి లేదు. ఎగ్జిబిషన్ కుర్రాడు ఎన్ని పాళ్ళు కలిపాడో ఆ కుర్రాడికే తెలియదు. అమెరికాలో స్పర్శ ఎలర్జీల వైద్యుల సంఘం ఒకటి ఏటా ఒక పదార్థాన్ని "ఈ ఏటి మేటి ఎలర్జీ కారకం"గా ప్రకటిస్తుంది. 2006లో ఆ బిరుదు ఈ పీపీడీకే దక్కింది. పురస్కారం అందుకున్న సరుకు అన్నమాట. నేను ఊరికే సిఫారసు చెయ్యలేదు.

డాక్టరు గారు ఇంకా ఏదేదో చెప్పారు. మొదటిసారి ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుందట, రెండోసారి యుద్ధానికి దిగుతుందట. ఆ పగ జన్మంతా పోదట. అంటే వీడికి నలభయ్యో ఏట జుట్టు నెరిసి రంగు వేసుకుంటే మొహం వాచిపోవచ్చు. మత్తుకి పూసే కొన్ని మందులు, సల్ఫా మందులు, బట్టలకి వాడే కొన్ని రంగులు కూడా పడకపోవచ్చు. ఇకమీదట ఏ ఆస్పత్రికి వెళ్ళినా ఈ విషయం చెప్పాలట. తొమ్మిదేళ్ళప్పుడు వేయించుకున్న తేలుని తొంభై ఏళ్ళదాకా పరిచయం చేస్తూ ఉండాలన్నమాట. తాత్కాలిక పచ్చబొట్టు ఎక్కువకాలం నిలవదని ఫిర్యాదు చేసేవాళ్ళు గమనించగలరు.

బొబ్బలు మానాక ఆ చోట తేలు ఆకారంలో తెల్లమచ్చ మిగిలింది. మెల్లగా కలిసిపోతోంది. కోడలు ఆ తర్వాత చాలా రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. "కాఫీ" అనేది, "భోజనం" అనేది. మామయ్యా అన్న పిలుపు ఉగాదికి గాని తిరిగి రాలేదు.

మనవణ్ణి ఓదార్చడానికి స్టిక్కరు పచ్చబొట్లు తెచ్చాను. మా రోజుల్లో బబుల్‌గమ్ కాగితంలో వచ్చేవే ఇవి, ఇప్పుడు షీట్లుగా దొరుకుతున్నాయి. చెమట పట్టిన చేతి మీద, మోచెయ్యి మడతలో, వెంట్రుకలు బాగా ఉన్నచోట అతికించండి. పైన పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాన్ని తియ్యకండి, దుమ్ము పడకుండా కాపాడుతుంది. వెనక కాగితాన్ని తడిపి అరనిమిషం కదపకుండా అదిమి పట్టుకోమంటారు. మూడు అంకెలు లెక్కపెట్టి లాగెయ్యండి. సింహం తల మీకొస్తుంది, తోక కాగితానికి పోతుంది, సమన్యాయం. పోగొట్టుకోవాలంటే కొబ్బరినూనె రాసి కాసేపాగి తుడిస్తే వచ్చేస్తుంది గాని, నేను ఇటుకముక్కతో రుద్దుకున్నాను.

ఇంట్లో ప్రింటరు ఉన్నవాళ్ళు సొంతంగా కూడా చేసుకోవచ్చు, దానికి కాగితం అమ్ముతారు. మనవడి పేరు పెద్ద తెలుగు అక్షరాల్లో అచ్చేసి భుజానికి అతికించాను. బొమ్మ కాగితం మీంచి ఒంటిమీదికి బోర్లాపడుతుంది కనుక ముందే అద్దంలోలా తిప్పి అచ్చెయ్యాలట. నేను తిప్పలేదు. మా వాడి భుజం మీద వాడి పేరు కన్నడానికీ తెలుగుకీ మధ్య ఇంకేదో భాషలా పడింది. అద్దం ముందు నిలబడితే చక్కగా చదువుకోవచ్చు. వాడు అద్దం ముందునుంచి కదిలితేగా!

ఇక పరీక్షలు రాసే పిల్లలకి. పరీక్షకి ముందు రోజు రాత్రి పది వేళ్ళకీ గోరింటాకు టోపీలు పెట్టుకోండి, శుభం. మా చిన్న మేనకోడలు నా మాట మీద అలాగే వెళ్ళింది. హాలు దగ్గర వేలిముద్ర యంత్రం ఆ పిల్లని గుర్తుపట్టనంది. ఈ వేలు పెట్టమన్నారు, ఆ వేలు పెట్టమన్నారు, తుడుచుకుని పెట్టమన్నారు. వరసలో వెనకాల యాభైమంది. చివరికి ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుని లోపలికి పంపేసరికి పిల్ల చేతులు గోరింటాకు లేకుండానే ఎర్రబడ్డాయి. చేతులకి మెహందీ, సిరా ఉండకూడదని సూచనల కాగితంలో రాసే ఉందట. సూచనలు చదివేవాళ్ళు నా దగ్గరికెందుకొస్తారు?

గోళ్ళ గురించి ఒక మాట మర్చిపోయాను. చర్మం మీది రంగు రెండు మూడు వారాల్లో పోతుంది, పైపొర రాలిపోతుంది గనక. గోరు రాలదు, పెరుగుతుంది, అదీ నెలకి మూడు మిల్లీమీటర్లు. ఆషాఢంలో పెట్టింది దీపావళికి కూడా గోరు కొసన నెలవంకలా మిగిలి ఉంటుంది. అమ్మ గోళ్ళు చూసి ఏ పండగ ఎంత దూరం జరిగిందో చెప్పొచ్చు. దీనికి నా దగ్గర విరుగుడు సలహా ఏమీ లేదు. నెయిల్ కట్టరు తప్ప.

ఈ ఏడాది ఆషాఢం మొదటి శుక్రవారం మా ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అమ్మ రోలు కడిగించుకుంది. ఆకు మనవడు తెచ్చాడు, సరైన చెట్టుదే. ఆడవాళ్ళంతా చాప వేసుకుని కూర్చున్నారు. కోడలి అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు. వాడు దూరంగా కూర్చుని చూస్తున్నాడు. ఏ గోరింటాకైనా డాక్టరుని అడిగాకే అన్నాడు మా అబ్బాయి. నేను వాకిట్లో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. అమ్మ గిన్నె అడుగున మిగిలిన ముద్ద తెచ్చి, చెయ్యి పట్టమని, నా ఎడమ చిటికెనవేలికి చిన్నప్పుడు పెట్టినట్టే టోపీ పెట్టింది. "పొద్దున్నదాకా ఉంచరా, ఈ ఒక్కసారికి" అంది.

ఉంచుదామనే అనుకున్నాను. కాని ఈ సలహాలు రాయడానికి ఫోను పట్టుకోవాలి కదా, పది నిమిషాలకి కడిగేశాను. ఇప్పుడు చూస్తే నారింజరంగులో ఉంది. ఈ ఏడు వానలు సరిగ్గా లేవు, ఆకులో సత్తువ లేనట్టుంది.